పొద్దుగూకినాక రెండు గంటలు

మా నాగర్‌కర్నూల్ వైపు ఎవరి గురించైనా "ఆయనకు పై సంపాదన మస్తుగుంది" అన్నారంటే, వింటున్నవాళ్లు మూతి పక్కకు తిప్పి నవ్వుతారు. ఆ మాటకు లంచం వాసన పట్టింది. జీతం పైన వచ్చేదంతా బల్ల కింది నుంచి వచ్చేదే అన్నట్టయింది. ఈ అధ్యాయంలో ఆ మాటను ఉతికి, ఆరేసి, మళ్లీ వాడుకుందాం. పొలం పనో, కొలువో, ఇంటి పనో అయ్యాక మిగిలిన గంటల్లో మన చేతులతో సంపాదించే నాలుగు రూపాయల గురించి మాట్లాడుకుందాం. పదిమందిలో కూర్చుని పైసాతో సహా లెక్క చెప్పగలిగిన పై సంపాదన అది.

నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల 2016 అక్టోబర్ 11న వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే, జనం నోట పాలమూరు. ఆ పేరు దేశమంతా తెలిసింది కూలీల వల్లనే. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టి, ఇంటికి తాళం పెట్టి, ముసలివాళ్లను ఊళ్లో విడిచి, ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి పోయిన తరాలు మనవి. ఆ బతుకులో ఎవరూ లెక్క రాయని నష్టం ఒకటుంది. ఏడాదికేడాది తనను తాను గుత్తకు అమ్ముకున్న మనిషికి తన ఒక గంట విలువ ఎంతో ఎన్నడూ తెలియదు. పొద్దున ఎన్నింటికి లేచినా, రాత్రి ఎన్నింటికి నడుం వాల్చినా, అంతా అడ్వాన్సు లెక్కలోకే పోతుంది.

జూరాల, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ప్రాజెక్టుల నీళ్లు పారిన చోట చాలామంది ఊళ్లోనే నిలిచారు. నిలిచినవాళ్లకు ఇప్పుడు ఇంకో చిక్కు. నాట్లకూ కోతలకూ నడుమ చేతులు ఖాళీ. పట్నంలో చిన్న జీతగాళ్లకు ఇరవయ్యో తారీఖు దాటితే కటకట. ఇద్దరూ ఒకే మాట అంటారు: "టైమైతే ఉంది, ఏం చెయ్యాల్నో తెల్వదు."

ఈ అధ్యాయమంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది, దాన్ని ముందే చెప్పేస్తాను. మీ ఖాళీ టైమును ఎవరూ కొనరు. మీ చేతికి వచ్చిన పనిని కొంటారు. ఆ పనికి గంట లెక్కన ధర కట్టడం నేర్చుకున్న రోజున పై సంపాదన మొదలవుతుంది. అది రానంతకాలం నిద్రా పోతుంది, టైమూ పోతుంది, మిగిలేది చిల్లర.

మీ ఖాళీ ఏ రకం?

ఒక వారం పాటు చిన్న పని చేయండి. నోటుబుక్కులో రోజుకో పేజీ తీసి, ఏ గంటలో ఏం చేశారో రాయండి. ఫోను చూసిన గంట కూడా రాయాలి, సిగ్గుపడొద్దు. వారం తిరిగేసరికి మీ ఖాళీ ఎక్కడుందో బయటపడుతుంది. ఖాళీలో మూడు రకాలున్నాయి.

మొదటిది ముక్కల ఖాళీ. ఇది ఎక్కువగా ఇంట్లో ఉండే ఆడవాళ్లది. పది నిమిషాలు ఇక్కడ, ఇరవై నిమిషాలు అక్కడ దొరుకుతుంది. ఈ నడుమనే బిడ్డ ఏడుస్తుంది, కుక్కర్ కూత పెడుతుంది, పాలవాడు పిలుస్తాడు. ఇలాంటి ఖాళీకి తగ్గ పని ఎలా ఉండాలో చూడాలంటే గద్వాల, రాజోలి, అమరచింత, కొత్తకోట వైపు ఏ చేనేత ఇంటికైనా పొండి. నూలు ఒంటికి పట్టు అంచును కుప్పడం పద్ధతిలో కలిపి నేసే గద్వాల చీర ఆ ఇళ్లలోనే పుడుతుంది. గుంట మగ్గం మీద ఒకరు కూర్చుంటారు. పక్క అర్రలో ఇంటావిడ రాట్నం ముందు కండెలు చుడుతూ ఉంటుంది. కుడి చెయ్యి చక్రం తిప్పుతుంది, ఎడమ చేతి వేళ్ల సందున దారం జారుతుంది. పొయ్యి మీద అన్నం పొంగితే చక్రం ఆపి లేస్తుంది, గంజి వార్చి వచ్చి ఆపిన చోటే మళ్లీ అందుకుంటుంది. దారం తెగదు, పని చెడదు. ఎన్నిసార్లు లేచినా పాడవని పనే ముక్కల ఖాళీకి పనికొస్తుంది.

ఈ కొలతతో మీ పనిని చూసుకోండి. చీరలకు కుచ్చులు వేయడం, ఫాల్ కుట్టడం, జాకెట్లకు హుక్కులు కుట్టడం ముక్కల పనులే. జాకెట్ కటింగ్ అలాంటిది కాదు. బట్ట మీద కత్తెర పెట్టాక అరగంట ఎవరూ పిలవకూడదు. బిడ్డ ఏడిస్తే లేచి, తిరిగొచ్చి కత్తిరిస్తే చంక దగ్గర అర అంగుళం పోతుంది, ఆ అర అంగుళంతో గిరాకీ పోతుంది. అందుకే కుట్టుపని చేసే తెలివైన ఆడవాళ్లు బిడ్డలు బడికి పోయాక కటింగ్ అంతా ఒక్కసారే చేసి పెట్టుకుంటారు. కుట్లు, హుక్కులు మిగతా రోజంతా సాగుతాయి.

రెండోది నిండు ఖాళీ. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది, లేదా ఆదివారం పూట. షాపులో పనిచేసేవాళ్లకు, చిన్న కొలువుల్లో ఉన్నవాళ్లకు, డిగ్రీ చదివే పిల్లలకు ఇది దొరుకుతుంది. ఈ గంటల్లో ఎవరూ కదిలించరు కాబట్టి చదువు చెప్పడం, వంట చేసి అమ్మడం, కరెంటు రిపేరు, ఫోటోలు, టైపింగ్ లాంటివి ఒదుగుతాయి.

మూడోది కారు ఖాళీ, అంటే సీజన్‌ను బట్టి వచ్చేది. రైతుకు, కూలీకి ఉండేది ఇదే. ఏడాదిలో కొన్ని వారాలు పూర్తిగా ఖాళీ, కొన్ని వారాలు ఊపిరాడదు. వీళ్లు రోజూ చేసే పని మొదలుపెడితే నాట్ల నాటికి ఆపేయాల్సి వస్తుంది, ఆపితే గిరాకీ చెదిరిపోతుంది. సీజన్‌తో వచ్చి సీజన్‌తో పోయే పనులే వీళ్లకు మేలు.

మన చుట్టూ ఉన్న క్యాలెండర్

సీజన్ పనులంటే ఎక్కడో వెతకక్కర్లేదు. బతుకమ్మ వస్తే తంగేడు, గునుగు కోసుకుపోయి హైదరాబాదులో అమ్మేవాళ్లు మన బస్సుల్లోనే కనిపిస్తారు. పొలం గట్టున దొరికే పువ్వు పట్నంలో మోపు లెక్కన పైసలవుతుంది. దాని వెంటే సీతాఫలం. దేశమంతా తోటల్లో పేరున్న బాలానగర్ రకానికి ఆ పేరు మన పాత జిల్లాలోని బాలానగర్ నుంచే వచ్చింది. గుట్టల్లో దానంతట అది కాసే పండు దసరా, దీపావళి రోజుల్లో ఎంతమంది ఆడవాళ్లకు చేతిఖర్చు ఇస్తుందో రోడ్డు పక్కన వరసగా పేర్చిన గంపలే చెప్తాయి.

యాసంగి పల్లి పీకాక పల్లి పట్టీలు, వేపిన పల్లీలు, పల్లి పొడి చేయొచ్చు. ఎండాకాలంలో నల్లమల పక్క ఊళ్లకు తునికాకు ఉంటుంది, కొల్లాపూర్ వైపు మామిడి తోటల్లో కోతలు, గ్రేడింగ్, ప్యాకింగ్ ఉంటాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర, మహాశివరాత్రికి అలంపురం. ఇంకో పెద్ద సీజన్ రాబోతోంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి. పన్నెండేళ్ల లెక్కన మళ్లీ 2028లో వస్తాయి. సోమశిల, బీచుపల్లి ఘాట్ల దగ్గర పన్నెండు రోజుల పాటు లక్షలమందికి తిండి, నీళ్లు, సామాను భద్రం, బట్టలు మార్చుకునే చోటు కావాలి. ఇప్పటి నుంచి ఆలోచించిన వాళ్లకు అది పన్నెండు రోజుల సంత. ముందు రోజు లేచినవాళ్లకు వట్టి ట్రాఫిక్ జామ్.

ఇన్ని ఉన్నాయని అన్నీ మొదలుపెట్టకండి. ఒక్క పని ఎంచుకోండి. ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని నా చేతికి ఇప్పటికే వచ్చా, కొత్తగా నేర్చుకోవాలా? ఊళ్లో, బజారులో ఇది ఎవరికి ఎంత తరచుగా కావాలి? ఇంటి నుంచి ఆ గిరాకీ దాకా పోవడానికి ఎంత టైము, ఎంత పెట్రోలు? మూడో ప్రశ్న దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. వంద రూపాయల పని కోసం నలభై రూపాయల పెట్రోలు పోసి, గంటన్నర దారిలో గడిపి, "బిజీగా ఉన్నా" అని సంబరపడతారు.

రొట్టెల లెక్క

వనపర్తిలో ఒక సాయంత్రం రోడ్డు పక్కన జొన్న రొట్టెలు చేసే అక్క దగ్గర నిలబడ్డాను. మన పట్నాల్లో షుగరు భయం పెరిగినప్పటి నుంచి రాత్రి పూట రొట్టెకు గిరాకీ పెరిగింది. అక్క పని చూస్తుంటే టైము తెలియలేదు. పిండిలో మసలే నీళ్లు పోసి, గంటెతో కలిపి, కాస్త చల్లారాక అరచేతి మడమతో ఒత్తి ఒత్తి మెత్తగా చేసింది. జొన్నకు గోధుమలాగ సాగే గుణం లేదు, ఆ వేడినీళ్లే దానికి పట్టు. ముద్దను పీట మీద పెట్టి, చేత్తో కొడుతూ తిప్పుతుంటే రొట్టె గుండ్రంగా విచ్చుకుంది. పెనం మీద వేసి, పై పొడిపిండి పోయేలా తడిబట్టతో ఒక్కసారి తుడిచి తిప్పేసింది. అది పొంగి ఆవిరి వదిలింది.

"రోజుకు ఎంత మిగుల్తది అక్కా?" అని అడిగాను.

"ఏమో సార్, చేతుల పైసలైతే ఆడ్తయి" అంది.

చేతిలో పైసలు ఆడడం వేరు, మిగలడం వేరు. ఆ తేడా తెలియక మూతపడిన బండ్లు, కొట్లు ఎన్నో. అందుకే ఇక్కడ ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. ధరలు మీ ఊరివి వేసుకోండి, లెక్క పద్ధతి మాత్రం మార్చకండి.

రోజుకు 40 రొట్టెలు అనుకుందాం. కిలో పిండికి 10 రొట్టెల లెక్కన 4 కిలోలు. పిండి కిలో 55 రూపాయలైతే 220. గ్యాసు 60. పక్కన ఇచ్చే కూర, పచ్చడికి 100. కవర్లు, కాగితాలు 20. మొత్తం ఖర్చు 400. రొట్టె 15 చొప్పున 40 అమ్మితే 600. మిగులు 200.

ఇక్కడే ఆగొద్దు. బండి దగ్గర మూడు గంటలు, ఇంట్లో కూర వండి సర్దుకోవడానికి ముప్పావు గంట. మొత్తం మూడుముప్పావు. 200ను దానితో భాగిస్తే గంటకు 53 రూపాయలు. ఇది మీ చేతి గంట ధర. పక్క చేలో కైకిలికి గంటకు ఎంత పడుతుందో దాని పక్కన రాసి చూడండి. తక్కువైతే బాధపడనక్కర్లేదు. ఎండ లేదు, ఇంటి దగ్గర పని, కైకిలి దొరకని రోజుల్లోనూ ఇది దొరుకుతుంది. కానీ ఎంత తక్కువకు ఒప్పుకున్నారో తెలిసి ఒప్పుకోవాలి.

ఇప్పుడు వాన పడిందనుకుందాం. 8 రొట్టెలు మిగిలాయి. అమ్మకం 32 రొట్టెలు, 480 రూపాయలు. ఖర్చు మాత్రం అదే 400. మిగులు 80. గంటకు 21. ఎనిమిది రొట్టెలు మిగిలితే సగం కంటే ఎక్కువ లాభం కొట్టుకుపోయింది! ఈ వ్యాపారంలో శత్రువు పక్క బండి అక్క కాదు, మిగిలిపోయిన రొట్టె.

ఆ శత్రువు తెలిశాక మందు కూడా తెలుస్తుంది. రోజూ తీసుకునే ఇరవై ఇళ్ల నంబర్లు ఫోనులో పెట్టుకుని, నాలుగు గంటలకల్లా "ఈ రోజు ఎన్ని?" అని మెసేజ్ పెట్టడం. వచ్చిన ఆర్డరుకు తోడు ఐదో పదో ఎక్కువ కలపడం, అంతే. ముద్ద అప్పటికప్పుడు కలుపుకుంటే పిండి రేపటికి ఉంటుంది, కలిపిన ముద్ద ఉండదు. ఇది రొట్టెకే కాదు, ట్యూషన్‌కు, కుట్టుపనికి, కోళ్లకు అన్నిటికీ వర్తిస్తుంది. మీ పనిలో "మిగిలిన రొట్టె" ఏదో కనిపెట్టండి. కుట్టేవాళ్లకు తీసుకుపోని జాకెట్. నాటుకోళ్లు పెంచేవాళ్లకు తెగులు వచ్చిన వారం. ట్యూషన్ చెప్పేవాళ్లకు ఫీజు ఇవ్వకుండా మానేసిన పిల్లవాడు. లాభం పెంచడం కంటే ఆ ఒక్క కంత పూడ్చడం సులువు.

ఇంకో కంత ఉద్దెర. చుట్టాలు, పక్కింటివాళ్లు, కొలువులో తోటివాళ్లు "రేపిస్తా" అంటారు. కాదనలేం. అందుకని మొదటి రోజే ఒక కట్టు పెట్టుకోండి: ఉద్దెర ఎవరికైనా ఒక్క వారమే, ఆదివారం నాటికి లెక్క తెగాలి. పుస్తకంలో వాళ్ల ముందే రాయండి. రాసేది చూసిన మనిషి మర్చిపోడు. పైసలకు వేరే డబ్బా పెట్టండి, ఫోను పే అయినా సరే వేరే ఖాతాలోకి పోనివ్వండి. ఇంటి ఖర్చులో కలిసిన పై సంపాదన పప్పులో పడ్డ ఉప్పులాంటిది. ఎంత వేశారో ఇక తీసి చూపలేరు.

ధర ఎక్కడ పెరుగుతుంది?

గుట్ట మీది సీతాఫలం ఊరు దాటితే ఒక ధర, జడ్చర్ల రోడ్డు మీద ఒక ధర, హైదరాబాదులో ఇంకో ధర. పండు అదే, కోసిన చెయ్యి అదే. పక్వానికి వస్తే రెండు మూడు రోజుల్లో మెత్తబడిపోతుంది కాబట్టి, కోసినవాళ్లు ఆగి బేరమాడలేరు. కొనేవాడికి అది తెలుసు. తొందర ఎవరిదైతే, ధర ఎదుటివాడిది. అందుకే పండును గుజ్జు తీసి చల్లగా నిలవ చేసి ఐస్‌క్రీం చేసేవాళ్లకు అమ్మితే తొందర పోతుంది, ధర మన చేతికి వస్తుంది. ఒక్కరికి ఫ్రీజరు బరువు, సంఘంలో పదిమందికి కాదు.

నల్లమలలో చెంచులు కొండచరియల మీద నుంచి తాడుకు వేలాడి తేనె తీస్తారు. అంత ప్రాణాపాయంతో తీసిన తేనెకు ధర కట్టేది తీసినవాడు కాకపోతే ఏమవుతుందో పాత తరం మనుషులు ఎవరైనా చెప్తారు. అటవీ ఉత్పత్తులు కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టిన ఉద్దేశమే దళారి చేతి నుంచి ఆ తూకాన్ని తప్పించడం. మనకు ఇందులో పాఠం ఒకటుంది. మీ వస్తువు అమ్మే ముందు మూడు చోట్ల ధర అడగండి: ఊళ్లో, మండల కేంద్రంలో, పట్నంలో. పెబ్బేరు శనివారం సంతకు గొర్రెను తోలుకుపోయే రైతు ముందుగా ఊరికే ఒక చక్కర్ కొట్టి వస్తాడు. అది కాలక్షేపం కాదు. ఆ రోజు ధర తెలుసుకోవడం. అదే అలవాటు కుచ్చులు వేసే అమ్మాయికీ, పల్లి పట్టీలు చేసే అక్కకూ ఉండాలి. చీర కుచ్చులకు షాపువాడు మీకిచ్చేది ఎంత, గిరాకీ దగ్గర వసూలు చేసేది ఎంత? ఒక చీర పట్టుకుని గిరాకీలాగ పోయి అడిగి రండి. తెలిసిపోతుంది.

పెట్టుబడి, మిత్తి

పై సంపాదన మొదలుపెట్టడానికి అప్పు చేయాల్సి వస్తే, ఆ పని మీకు పెద్దదైందని గుర్తు. ఇంట్లో ఉన్న పెనం, ఉన్న మిషను, ఉన్న ఫోనుతో ఒక నెల చేసి చూడండి. గిరాకీ నిలబడ్డాక పెట్టుబడి.

అప్పుడు మిత్తి చూసి తీసుకోవాలి. "నూటికి మూడు రూపాయలే" అంటే తక్కువ అనిపిస్తుంది. 10,000 తీసుకుంటే నెలకు 300, ఏడాదికి 3,600. అంటే నూటికి 36. పై లెక్కలోని రొట్టెలక్క నెలలో ఒకటిన్నర రోజుల మిగులు ఆ మిత్తికే పోతుంది, అసలు అలాగే నిలబడుతుంది. అందుకే ముందు అడగాల్సింది మీ మహిళా సంఘం, బ్యాంకు లింకేజీ, సంఘాలకు అప్పులివ్వడానికి 2011లో మొదలైన స్త్రీనిధి. సంఘంలో లేనివాళ్లకు బ్యాంకులో ముద్ర రుణం ఉంది. అందులో మొదటి మెట్టు శిశు, 50,000 వరకు. దర్జీ, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి, తాపీ మేస్త్రీ లాంటి చేతివృత్తుల వాళ్లకు 2023 సెప్టెంబర్ 17న విశ్వకర్మ పథకం వచ్చింది. 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, మొదటి విడత లక్ష దాకా 5 శాతం వడ్డీకి రుణం. తినే సరుకు చేసి ప్యాక్ చేసేవాళ్లకు 2020లో కేంద్రం తెచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో 35 శాతం సబ్సిడీ పెట్టారు. పథకాలు వస్తుంటాయి, మారుతుంటాయి. మొదలుపెట్టే నాటికి ఏవి నడుస్తున్నాయో జిల్లా పరిశ్రమల కేంద్రంలో, మహిళా సంఘాలను చూసే ఐకేపీ ఆఫీసులో స్వయంగా అడగండి. సబ్సిడీ ఉందని పని ఎంచుకోవడం మాత్రం గంగిరెద్దును చూసి వ్యవసాయం మొదలుపెట్టినట్టు.

నేర్చుకోవడానికి పైసలు పెట్టనక్కర్లేని చోట్లు మన దగ్గరే ఉన్నాయి. కోళ్లు, పుట్టగొడుగులు, తేనెటీగలు, పల్లితో తినుబండారాల్లాంటి వాటి గురించి అడగాలంటే పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. కుట్టు, బ్యూటీ పార్లర్, సెల్‌ఫోన్ రిపేర్ల కోర్సులకు మహబూబ్‌నగర్‌లో బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది. తిండి, బస, శిక్షణ అన్నీ అక్కడ ఉచితం.

కాగితం విషయం రెండు మాటల్లో. తినేది అమ్మితే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోండి, చిన్నవాళ్లకు రుసుం నామమాత్రం. ప్రభుత్వ ఉద్యోగులైతే అనుమతి లేకుండా వ్యాపారం పెట్టకూడదు. టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్‌లోనే ఉంది. భార్య పేరో, తమ్ముడి పేరో పెట్టి దాటేద్దామనుకుంటే మొదటి పేరాలో చెప్పిన పై సంపాదనలోకే మళ్లీ జారతాం.

పని కోసం పైసలు కట్టకండి

డిగ్రీ చదివే రోజుల్లో నేనూ ఒకసారి మోసపోయాను. "ఇంటి వద్దనే రాత పని, నెలకు రెండు వేలు" అని పేపర్లో చిన్న ప్రకటన. 300 రూపాయలు మనియార్డర్ కట్టాను. అది మా నాయన పల్లీలు అమ్మిన పైసల్లోది. యాభై పేజీల కాగితాలు వచ్చాయి. పదిహేను రాత్రులు చిమ్నీ దీపం ముందు కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసి పంపాను. "తప్పులు ఎక్కువగా ఉన్నందున తిరస్కరించడమైనది" అని ఒక కార్డు ముక్క వచ్చింది. తప్పులున్నది నా రాతలో కాదని అర్థం కావడానికి ఏడాది పట్టింది. పని ఇచ్చేవాడు మనకు పైసలివ్వాలి. మనం వాడికి ఎందుకిచ్చాం?

ఆ ప్రకటన ఇప్పుడు ఫోనులోకి వచ్చింది. "వీడియోలకు లైకు కొట్టండి, హోటళ్లకు రేటింగ్ ఇవ్వండి, రోజుకు రెండు వేలు" అని టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. మొదటి రెండు రోజులు నిజంగానే 150, 200 వేస్తారు. అది ఎర. తర్వాత "పెద్ద టాస్కు"కు ఐదు వేలు కట్టమంటారు, ఆపై ఆ ఐదు వేలు విడిపించడానికి ఇరవై వేలు అడుగుతారు. ఇంకో రకం వాళ్లు "మీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అంటారు. ఆ ఖాతాలో తిరిగేది ఎవడినో దోచిన సొమ్ము. పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారు ఇంటికే.

మూడు గీతలు గీసుకోండి. పని ఇవ్వడానికి ముందు పైసలడిగితే అది పని కాదు. పైసలు రావడానికి పిన్ను కొట్టమంటే అది రావడం కాదు, పోవడం. వస్తువు అమ్మడం కంటే మనుషుల్ని చేర్చడానికే కమీషన్ ఎక్కువగా ఉంటే, ఆఖరున చేరినవాళ్ల సొమ్మే ముందు చేరినవాళ్ల లాభం. ఒకవేళ మోసపోతే పరువు చూసుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే సొమ్ము మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

అమ్మకూడని గంటలు

మూడు రకాల గంటలు ఖాళీగా కనిపిస్తాయి, కానీ ఖాళీవి కావు.

మొదటివి పిల్లల బడి గంటలు. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి పొలాల్లో మొగ్గ గిల్లడం, పుప్పొడి అద్దడం సన్న వేళ్ల పని. ఆ సన్న వేళ్ల కోసం ఏళ్ల తరబడి పిల్లల్ని బడి మాన్పించి చేలల్లో నిలబెట్టిన చరిత్ర మన ప్రాంతానికి ఉంది. ఆ కూలి ఇంటిని ఆ సీజన్‌లో ఆదుకుని ఉండొచ్చు. పోయిన క్లాసు మాత్రం ఏ సీజన్‌కూ తిరిగి రాలేదు. ఇంటి పై సంపాదనలో బిడ్డల సాయం బడి అయ్యాక, ఆటయ్యాక, అదీ సరదాకు. గిరాకీ ఎంత ఉన్నా సరే.

రెండోవి నిద్ర గంటలు. పొద్దంతా ఆటో నడిపి, రాత్రి కూడా సరుకు వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కే డ్రైవరుకు ఆ రెండో ట్రిప్పు కిరాయి ఎంతో లెక్క తెలుసు. ఒక్క కునుకు ఖర్చు ఎంతో తెలియదు.

మూడోవి మొదటి పని గంటలు. కొలువులో కూర్చుని సొంత ఆర్డర్లు చూసుకోవడం, పొలంలో కలుపు వదిలి కొట్టు చూసుకోవడం. రెండో ఆదాయం మొదటి ఆదాయాన్ని తింటే అది ఒక చేతిని నరికి రెండో చేతికి ఉంగరం తొడిగినట్టు.

ముప్పై రోజుల పని

ఇక కాగితం తీసుకోండి.

మొదటి వారం: రోజూ గంటల లెక్క రాయండి. మీది ముక్కల ఖాళీనా, నిండు ఖాళీనా, కారు ఖాళీనా తేల్చుకోండి.

రెండో వారం: మీ చేతికి వచ్చిన పనులు పది రాయండి. వంట, కుట్టు, లెక్కలు, బండి రిపేరు, పెళ్లిళ్లలో వడ్డన, ఏదైనా సరే. ఇతరులు మిమ్మల్ని ఉచితంగా ఎక్కువసార్లు అడిగే పని ఏదో దాని కింద గీత గీయండి. జనం పిలిచి మరీ అడుగుతున్నారంటే ఆ పనికి గిరాకీ ఉన్నట్టే. ధర మీరు చెప్పలేదు, అంతే.

మూడో వారం: ఆ పనికి మూడు చోట్ల ధర కనుక్కోండి. ఉన్న సామానుతో ముగ్గురికి చేసి పెట్టండి, పైసలు తీసుకునే. తెలిసినవాళ్లే అయినా తీసుకోండి. ఆ సంకోచం దాటడమే ఈ నెలలో అసలు పరీక్ష.

నాలుగో వారం: ఖర్చు, అమ్మకం, మిగులు, గంటలు నాలుగు గళ్లు గీసి నింపండి. మిగులును గంటలతో భాగించండి. మీ "మిగిలిన రొట్టె" ఏదో పేరు పెట్టి రాయండి.

నెలాఖరున వచ్చిన అంకె చిన్నదిగా ఉండొచ్చు. గంటకు ముప్పై రూపాయలే కావచ్చు. కానీ అది మీ గంట ధర, మీరు లెక్క కట్టింది, మేస్త్రీ చెప్పింది కాదు. ఆ అంకెను ఎలా పెంచాలో వచ్చే నెల ఆలోచిద్దురు గానీ, ఈ రాత్రికి చేయాల్సింది ఒక్కటే. పిల్లల పాత నోటుబుక్కులో ఖాళీ పేజీ వెతికి, పైన ఈ రోజు తేదీ వేసి పడుకోండి.